మన్‌హట్టన్‌లో ప్రీవార్ ఫ్లాట్: బాగుచేసింది కొనాలా, పాతది కొని బాగుచేయించుకోవాలా, కాండోకి వెళ్ళాలా?

అప్పర్ వెస్ట్ సైడ్‌లోనో అప్పర్ ఈస్ట్ సైడ్‌లోనో కుటుంబానికి ఇల్లు వెతికితే చివరికి నాలుగు రకాలు మిగులుతాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన ప్రీవార్ బిల్డింగులో ఈమధ్యే బాగుచేసిన కో-ఆప్ ఫ్లాట్ ఒకటి. (కో-ఆప్ అంటే బిల్డింగు మొత్తం ఒక కంపెనీది, మీరు కొనేది దాని షేర్లు, వాటితో ఫ్లాటులో ఉండే హక్కు. ఆ కంపెనీని నడిపే వాటాదారుల కమిటీయే బోర్డు.) అదే బిల్డింగులో, ఒక్కోసారి అదే లైనులో (ఒకదాని కింద ఒకటిగా ఉండే ఫ్లాట్ల వరసలో) రెండంతస్తుల కింద, ముప్పై ఏళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టని ఫ్లాట్ రెండోది. 1950, 60ల్లో కట్టిన పోస్ట్‌వార్ కో-ఆప్ మూడోది. నాలుగోది కాండో, అంటే ఫ్లాటే మీ సొంతమయ్యేది. ఫోటోలు పక్కపక్కన పెడితే ఎప్పుడూ మొదటిదే గెలుస్తుంది. కానీ బాగుచేసిన ఫ్లాటుకు ఎక్కువ డబ్బు ఇవ్వాల్సింది గోడ లోపల జరిగిన పనికి, ఆ పని సక్రమంగా జరిగిందని చూపే కాగితాలకు. ఆ రెండూ లేకపోతే పాలరాయి, కొత్త రంగు ఎంత బాగున్నా అది పాత ఫ్లాటే. దాని ధర కూడా పాత ఫ్లాటు ధరే కావాలి.

ప్రీవార్‌కి ఆ ధర ఎందుకు

సీలింగు 9 నుంచి 10 అడుగులు ఉంటుంది, పోస్ట్‌వార్‌లో మామూలుగా 8 అడుగులే. ఇటుక, టెర్రకోట దిమ్మెల మీద మందంగా గిలాబా చేసిన గోడలు కాబట్టి పక్కింటి టీవీ వినపడదు. గుమ్మం దాటగానే గ్యాలరీ, దానిలోంచి ఒక వైపు హాలు, భోజనాల గది, ఇంకో వైపు పడకగదులు. వచ్చినవాళ్ళకు లోపలి గదులు కనపడవు. వంటింటికీ, చాలాచోట్ల బాత్రూములకూ సొంత కిటికీ ఉంటుంది. ఆర్కిటెక్టు ఎమరీ రాత్ గీసిన బెరెస్‌ఫర్డ్ (1929), శాన్ రెమో (1930), మరో ఆర్కిటెక్టు రోజారియో కాండెలా పేరుతో వినిపించే 740 పార్క్ ఎవెన్యూ (1930) అందరికీ తెలిసినవే. అయితే వెస్ట్ ఎండ్ ఎవెన్యూ, రివర్‌సైడ్ డ్రైవ్ వెంట వరసగా ఉన్న పేరులేని పన్నెండు, పదిహేను అంతస్తుల బిల్డింగుల్లో కూడా ఇదే అమరిక దొరుకుతుంది. మామూలు కుటుంబాలు వెతకాల్సింది అక్కడే.

ఈ బిల్డింగుల్లో ఎక్కువగా అడిగేది "క్లాసిక్ సిక్స్": హాలు, భోజనాల గది, వంటిల్లు, రెండు పడకగదులు, వంటింటి పక్కన పనివాళ్ళ కోసం కట్టిన చిన్న గది, దానికి ఓ చిన్న బాత్రూము. ఊరి నుంచి అమ్మానాన్నలు ఆర్నెల్లకు వచ్చే ఇంట్లో ఆ చిన్న గది చాలా పనికొస్తుంది. కాకపోతే టేపు పెట్టి కొలవండి. కిటికీ లేకపోయినా, 80 చదరపు అడుగులు లేకపోయినా దానికి మూడో బెడ్‌రూమ్ ధర ఇవ్వకండి. మొత్తం ఫ్లాటుకు కూడా ఇదే మాట. కో-ఆప్ ప్రకటనలో రాసే చదరపు అడుగులకు అధికారిక ఆధారమేమీ ఉండదు, మీరు కొలిచిందే లెక్క.

కిటికీల్లో ఒక మోసముంది. బిల్డింగు పక్క గోడ సరిగ్గా స్థలం హద్దు మీద ఉండి, అందులో కిటికీ పెట్టి ఉంటే దాన్ని లాట్ లైన్ కిటికీ అంటారు. పక్క స్థలంలో ఎత్తుగా కట్టడం మొదలైతే దాన్ని ఇటుకలతో మూసేయాల్సి రావచ్చు. వెలుతురు మొత్తం ఆ కిటికీ మీదే ఆధారపడిన గదిని నగర నిబంధనలు పడకగదిగా లెక్కించవు. బాగుచేసిన ఫ్లాటులో భోజనాల గదిని రెండుగా చీల్చి "కొత్త బెడ్‌రూమ్" చేసినప్పుడు ముందుగా ఇదే చూడండి.

వంటిల్లు, పోపు వాసన

రోజూ తాలింపు వేసే ఇంటికి ఇది అలంకారం కంటే పెద్ద విషయం. ప్రీవార్ వంటింట్లో పొయ్యి మీద హుడ్ ఉన్నా, చాలావరకు అది పొగను బయటికి పంపదు. బొగ్గు ఫిల్టరు గుండా తిప్పి మళ్ళీ గదిలోకే వదులుతుంది. బయటి గోడకు కన్నం పెట్టి గొట్టం తీయడానికి బోర్డు సాధారణంగా ఒప్పుకోదు. చారిత్రక ప్రాంతంలో ఉంటే ల్యాండ్‌మార్క్స్ ప్రిజర్వేషన్ కమిషన్ అనుమతి కూడా కావాలి. అప్పర్ వెస్ట్ సైడ్ - సెంట్రల్ పార్క్ వెస్ట్ ప్రాంతం 1990లో, పార్క్ ఎవెన్యూలో కొంత భాగం 2014లో ఆ పరిధిలోకి వచ్చాయి. కాబట్టి కిటికీ ఉన్న వంటింటిని, తలుపు వేసుకోగలిగిన వంటింటిని తక్కువ చేసి చూడకండి. గోడలు కొట్టేసి హాలుతో కలిపిన ఓపెన్ కిచెన్‌కు అమ్మేవాళ్ళు ఎక్కువ అడుగుతారు. మన వంటకు మాత్రం గోడ ఉన్న వంటిల్లే మేలు. ఇంగువ వాసన కారిడార్‌లోకి పోయి పక్కవాళ్ళు బోర్డుకు రాయడం ఇలాంటి బిల్డింగుల్లో మామూలు గొడవ.

పొయ్యి గ్యాసుదైతే, ఇప్పుడు గ్యాస్ నిజంగా వస్తోందా అని వెలిగించి చూడండి. 2014లో ఈస్ట్ హార్లెమ్‌లో, 2015లో ఈస్ట్ విలేజ్‌లో గ్యాస్ పేలుళ్ళు జరిగాక నగరం నిబంధనలు బిగించింది. 2016 నాటి లోకల్ లా 152 ప్రకారం గ్యాస్ పైపులకు నాలుగేళ్ళకోసారి తనిఖీ ఉంటుంది. లీకు కనపడితే సరఫరా ఆపేస్తారు. పైపులు మార్చి, ఒత్తిడి పరీక్ష చేసి, అనుమతులు తెచ్చుకునేసరికి నెలలు పడుతుంది. బిల్డింగులో ఏదైనా లైనుకు గ్యాస్ ఆగి ఉంటే ఆ సంగతి బోర్డు మినిట్స్‌లో, అంటే సమావేశాల రికార్డులో ఉంటుంది. ఇండక్షన్‌కు మారిపోదామనుకుంటే దానికి సరిపడా కరెంటు ఉందా అన్నది తర్వాతి ప్రశ్న.

గోడ వెనక ఏం చూడాలి

కరెంటు: పాత ఫ్లాట్లకు 30 నుంచి 60 ఆంపియర్లే వచ్చేది. ఇండక్షన్ పొయ్యికి ఒక్కదానికే 40 ఆంపియర్ల సర్క్యూట్ అడుగుతారు. దానికి తోడు నాలుగు ఏసీలు, డ్రయ్యర్. ఫ్లాటులో మెరిసే కొత్త ప్యానెల్ పెట్టినంత మాత్రాన కరెంటు పెరగదు. బేస్‌మెంట్‌లోని మీటరు నుంచి పైకి వచ్చే ఫీడర్ తీగ మారితేనే పెరుగుతుంది. "ప్యానెల్ ఎన్ని ఆంపియర్లు" అని ఆగకుండా "ఫీడర్ ఎప్పుడు మార్చారు, ఆ పనికి పర్మిట్ నంబరెంత" అని అడగండి. 100 ఆంపియర్లకు తక్కువైతే, పెంచుకోవడానికి బిల్డింగులో మిగులు ఉందో లేదో బిల్డింగు నిర్వహణ చూసే మేనేజింగ్ ఏజెంటును రాతపూర్వకంగా అడగాలి.

నీళ్ళు: అంతస్తుల గుండా నిలువుగా పోయే రైజర్ పైపులు సాధారణంగా కో-ఆప్ బాధ్యత. అక్కడి నుంచి మీ కుళాయి దాకా వచ్చే బ్రాంచి పైపులు ఎవరివో ప్రొప్రైటరీ లీజులో (ఫ్లాటులో ఉండటానికి కో-ఆప్ మీతో చేసుకునే ఒప్పందంలో) చూసుకోవాలి, చాలాచోట్ల అవి మీ నెత్తినే పడతాయి. మంచి పని చేసినవాళ్ళు గోడ తెరిచినప్పుడే బ్రాంచిలను రైజర్ దాకా రాగితో మారుస్తారు. తొందరలో అమ్మకానికి చేసినవాళ్ళు పాత గాల్వనైజ్డ్ ఇనుప పైపుకు కొత్త కుళాయి తగిలించి టైల్స్ వేసేస్తారు. ఇనుప పైపు లోపల తుప్పు పేరుకుని సన్నబడుతుంది. అందుకే వంటింటి కుళాయి, షవర్ రెండూ తిప్పి, టాయిలెట్ ఫ్లష్ చేసి, షవర్ ధార పడిపోతుందేమో చూడండి. సింకు కింద చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. ఇనుముకు అంటుకుంటుంది, రాగికీ ఇత్తడికీ అంటుకోదు.

వంటిల్లు, బాత్రూము ఉన్న చోటే ఉన్నాయా, జరిపారా? కింది ఫ్లాటు హాలు మీదో పడకగది మీదో నీళ్ళ గది రాకూడదని చాలా కో-ఆప్‌ల నియమం. చిన్న గదిలోకి వంటిల్లు జరిపి, భోజనాల గదిలో బాత్రూము పెట్టి ఉంటే, దానికి బోర్డు ఇచ్చిన అనుమతి కాగితం చేతికి రావాలి. రాకపోతే రేపు కింద చెమ్మ దిగిన రోజున దాన్ని పీకమనేది మిమ్మల్నే. వాషింగ్ మెషీన్ కూడా ఇంతే. పాత డ్రైనేజీ లైన్లలో సబ్బు నురగ కింది అంతస్తుల సింకుల్లోకి తన్నుకొస్తుందని చాలా బిల్డింగులు ఒప్పుకోవు. వంటింటి బీరువాలో దాచిపెట్టిన మెషీన్‌ను చూసి మురిసిపోవద్దు.

స్టీమ్ హీటింగ్ గురించి చలికాలంలో చూస్తేనే తెలుస్తుంది. ఒకే పైపు ఉన్న రేడియేటర్‌కు కింది వాల్వు పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. సగం తిప్పితే నీళ్ళు లోపల నిలిచి దడదడలాడుతుంది, గాలి వెంట్ నుంచి నీళ్ళు చిమ్ముతుంది. రేడియేటర్ వాల్వు వైపు కాస్త వాలి ఉంటేనే చల్లబడిన నీళ్ళు వెనక్కి పోతాయి. కొత్త నేల వేసేటప్పుడు రేడియేటర్ తీసి మళ్ళీ బిగించిన చోట ఈ వాలు తప్పడం తరచూ జరిగేదే. బాగుచేసిన ఫ్లాటులో అర్ధరాత్రి చప్పుడుకు కారణం చాలాసార్లు ఇదే. పైన చిన్న లెవెల్ పెట్టి చూడండి. అందమైన చెక్క పెట్టెల్లో బిగించి ఉంటే, వాల్వునూ వెంట్‌నూ అందుకునేందుకు తలుపుందో లేదో చూడాలి. ప్రతి ఏడూ అక్టోబరు 1 నుంచి మే 31 దాకా వేడి ఇవ్వడం బిల్డింగు చట్టబద్ధ బాధ్యత. ఆ ఖర్చు మీరు నెలనెలా బిల్డింగుకు కట్టే మెయింటెనెన్స్‌లోనే ఉంటుంది. మరీ వేడెక్కే గదికి, వెంట్‌కూ రేడియేటర్‌కూ మధ్య థర్మోస్టాట్ వాల్వు పెట్టిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

సెంట్రల్ ఏసీ ఉందంటే సీలింగు కిందికి దించి ఉంటారు. తొమ్మిదిన్నర అడుగుల కోసం డబ్బిచ్చి ఎనిమిదిన్నరలో ఉండాల్సి వస్తుంది. ప్రతి గదిలోనూ కొలవండి. బయటి యూనిట్ ఎక్కడుంది, దానికి బోర్డు, ల్యాండ్‌మార్క్స్ అనుమతులున్నాయా అన్నదీ అడగండి.

పిల్లలున్న ఇంటికి సీసం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. సీసం రంగును న్యూయార్క్ నగరం 1960లో నిషేధించింది. అంటే ప్రీవార్ ఫ్లాటు కిటికీ చట్రాల్లో, తలుపుల్లో పాత పొరలు ఉన్నాయనే అనుకోవాలి. 1978కి ముందు కట్టిన ఇంటికి సీసం సమాచార పత్రం ఇవ్వడం అమ్మేవాళ్ళకు కేంద్ర చట్టం పెట్టిన బాధ్యత. ఇక్కడ బాగుచేసిన ఫ్లాటే ఎక్కువ ప్రమాదం కావచ్చు, ఎందుకంటే పాత రంగు గీకినప్పుడే దుమ్ము లేస్తుంది. కొనేముందు నేల మీద, కిటికీ గట్ల మీద దుమ్ము పరీక్ష చేయించండి. ఆస్బెస్టాస్‌కు అయితే పని మొదలుపెట్టేముందు దాఖలు చేసిన ఏసీపీ-5 పత్రం (ఈ పనితో ఆస్బెస్టాస్ సమస్య లేదని తనిఖీ చేసినవాళ్ళిచ్చేది) అడగాలి. అది లేదంటే పర్మిట్ లేకుండా పని జరిగి ఉండే అవకాశం ఎక్కువ.

కాగితాలు

బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైటులో చిరునామా కొడితే ఆ ఫ్లాటులో పనికి తీసుకున్న పర్మిట్లు కనపడతాయి. కొత్తవి అందులో డీఓబీ నౌ అనే విభాగంలో, పాతవి బీఐఎస్ అనే విభాగంలో ఉంటాయి. పర్మిట్ ఉంటే సరిపోదు, పని పూర్తయి డిపార్ట్‌మెంట్ సరేనని సైన్ ఆఫ్ చేసిందా చూడాలి. గోడలు కొట్టి బాత్రూములు మార్చిన ఫ్లాటుకు ఒక్క పర్మిట్ కూడా లేకపోతే ఆ పని చూసినవాళ్ళెవరూ లేరన్నమాట. కో-ఆప్‌తో చేసుకున్న ఆల్టరేషన్ ఒప్పందం, ఆర్కిటెక్టు గీసిన బొమ్మలు, గోడ మూసేముందు తీసిన పైపుల ఫోటోలు అడగండి. నిజంగా మంచి పని చేయించినవాళ్ళ దగ్గర ఇవన్నీ ఉంటాయి, అడగ్గానే ఇస్తారు.

బిల్డింగు కాగితాలు లాయరు చదవాలి: రెండు మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, బోర్డు మినిట్స్, రిజర్వు నిధి, బిల్డింగు మీదున్న అప్పు ఎప్పుడు తీరాలి, భూమి సొంతమా లీజా. లీజు భూమి మీదున్న కో-ఆప్ ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. లీజు తిరగరాసిన రోజున మెయింటెనెన్స్ ఎక్కడికి పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఆరంతస్తులు దాటిన బిల్డింగుల ముఖభాగానికి ఐదేళ్ళకోసారి తనిఖీ ఉంటుంది. 1979లో బ్రాడ్‌వేలో పైనుంచి రాయి పడి ఓ విద్యార్థిని చనిపోయాక, 1980లో మొదలైన చట్టమిది. పాత ఇటుక, టెర్రకోట నగిషీలున్న బిల్డింగుకు ఈ ఖర్చు భారీగా వస్తుంది, అసెస్‌మెంట్ పేరుతో వాటాదారుల మీద పడుతుంది. లోకల్ లా 97 ఇంకొకటి. 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులకు 2024 నుంచి కార్బన్ పరిమితి ఉంది, మించితే టన్నుకు 268 డాలర్ల జరిమానా. 2030లో పరిమితి ఇంకా బిగుస్తుంది. పాత బాయిలరున్న బిల్డింగు దీనికి ఏం ప్లాన్ వేసిందో మినిట్స్‌లో కనపడాలి.

డబ్బు లెక్క

లెక్క తెలియడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. 1,500 చదరపు అడుగుల క్లాసిక్ సిక్స్, బాగుచేసింది 21 లక్షల డాలర్లు, అదే లైనులో పాతది 15.5 లక్షలు. తేడా ఐదున్నర లక్షలు చూసి పాతదే లాభమనిపిస్తుంది. పని ఖర్చు అడుగుకు 350 వేసుకుంటే 5.25 లక్షలు. ఆర్కిటెక్టు, పర్మిట్లు, బిల్డింగు ఇంజనీరు ఫీజులకు 15 శాతం, అంటే 79 వేలు. గోడ తెరిచాక బయటపడేవాటికి ఇంకో 15 శాతం, 79 వేలు. అనుమతులకు మూడు నెలలు, పనికి తొమ్మిది నెలలు పడితే ఏడాది మెయింటెనెన్స్ 42 వేలు, బయట అద్దె నెలకు 6,000 చొప్పున 72 వేలు. మొత్తం దాదాపు 8 లక్షలు. పాతది 13 లక్షల దగ్గరికి దిగితే తప్ప లాభం లేదు. పైగా ఇంటి అప్పు కొనుగోలు ధరకే వస్తుంది, పని డబ్బు చాలావరకు చేతినుంచే పెట్టాలి. కొన్ని బిల్డింగులు పెద్ద పనులు వేసవిలోనే చేయనిస్తాయి, గడువు దాటితే రోజుకింత జరిమానా వేస్తాయి.

మరైతే పాతది ఎప్పుడు కొనాలి? "బాగుచేసింది" పైపైన మాత్రమే బాగుచేసి ఉంటే. అప్పుడు 21 లక్షలిచ్చి, పైపుల కోసం కొత్త టైల్స్ మళ్ళీ మీరే పగలగొట్టాలి. ఆ రెండింట్లో పాతదే నయం.

పన్నులు: పది లక్షల డాలర్లు, ఆపైన ధరకు కొనేవాళ్ళు మ్యాన్షన్ ట్యాక్స్ కట్టాలి. 20 లక్షల లోపు 1 శాతం, 20 నుంచి 30 లక్షల లోపు 1.25, ఆపైన మెట్లుమెట్లుగా 3.9 దాకా. శాతం మొత్తం ధర మీద పడుతుంది కాబట్టి 20 లక్షలకు 25,000, 19.99 లక్షలకు 19,990. ఆ గీత దగ్గర బేరమాడటం వృథా కాదు. కాండోకి దీనితోపాటు అప్పు మీద మార్ట్‌గేజ్ రికార్డింగ్ ట్యాక్స్ ఉంటుంది, 5 లక్షలు, ఆపైన అప్పుకు 1.925 శాతం. 12 లక్షల అప్పుకు 23,100 డాలర్లు. యాజమాన్య హక్కు మీద తీసుకునే టైటిల్ ఇన్సూరెన్స్ వేరే. కో-ఆప్‌లో మీరు కొనేది షేర్లు కాబట్టి ఈ రెండూ ఉండవు.

మెయింటెనెన్స్‌ను ధరతో కలిపి చూడాలి. వడ్డీ 6.5 శాతం, ముప్పై ఏళ్ళు అనుకుంటే నెలకు 1,000 డాలర్ల తేడా 1.58 లక్షల అప్పుతో సమానం. తక్కువ ధర, ఎక్కువ మెయింటెనెన్స్ ఉన్న ఫ్లాటు చవక కాదు.

బోర్డు దగ్గర మనవాళ్ళకు ఎదురయ్యేవి

కో-ఆప్ బోర్డు కారణం చెప్పకుండా కాదనవచ్చు, చట్టం నిషేధించిన వివక్ష తప్ప. సాధారణంగా రెండు లెక్కలు చూస్తుంది. నెలవారీ ఇంటి ఖర్చు ఆదాయంలో 25 నుంచి 30 శాతం దాటకూడదు. కొన్నాక ఒకటి రెండేళ్ళ ఖర్చు చేతిలో మిగలాలి. 12 లక్షల అప్పుకు నెలకు సుమారు 7,585, మెయింటెనెన్స్ 3,500 కలిపితే 11,085. ఏడాదికి 1.33 లక్షలు. 28 శాతం పెట్టుకున్న బోర్డుకు 4.75 లక్షల ఆదాయం, రెండేళ్ళ నిల్వ అడిగితే 2.66 లక్షలు చూపాలి. ఈ నిల్వ కింద ఉద్యోగం ద్వారా దాచే రిటైర్మెంట్ ఖాతా 401కేని చాలా బోర్డులు లెక్కించవు, లేదా కొంతే లెక్కిస్తాయి. హైదరాబాద్‌లో ప్లాటు, ఊళ్ళో పొలం ఎంత విలువైనవైనా ఈ లెక్కలో సున్నా. ఇండియాలోని ఫిక్స్‌డ్ డిపాజిట్లను ముందే ఇక్కడి ఖాతాకు తెచ్చుకోండి. అమ్మానాన్నలు పంపాలంటే, విదేశాలకు డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పరిమితి మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపేలా ముందే అనుకుంటే మేలు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళను తీసుకునే బోర్డులున్నాయి, తీసుకోనివీ ఉన్నాయి. ఆఫరు పెట్టేముందే బ్రోకరు ద్వారా కనుక్కోవాలి. ఉద్యోగం మారి వేరే ఊరికి పోవాల్సి వస్తే అద్దెకిచ్చుకోవడానికి కో-ఆప్‌లో గట్టి ఆంక్షలుంటాయి. వీసా స్థిరపడనివాళ్ళకు, ఐదేళ్ళలోపు కదలే అవకాశమున్నవాళ్ళకు కాండోనే సరైనది. ప్రీవార్ అందం వదులుకోనక్కర్లేదు. ఆప్‌థోర్ప్, బెల్‌నార్డ్ లాంటి పాత బిల్డింగులు కాండోలుగా మారాయి. అడుగుకు ధర ఎక్కువే, కానీ కాండో బోర్డుకు ఉన్నది, మీరు ఒప్పుకున్న ధరకే మీకంటే ముందు తానే కొనే హక్కు మాత్రమే.

గ్రీన్ కార్డు ఉండి, పిల్లల బడి కోసం పదేళ్ళు కదలనివాళ్ళకు కాగితాలన్నీ ఉన్న బాగుచేసిన ప్రీవార్ కో-ఆప్ మా మొదటి సలహా. అది దొరకకపోతే, చేతిలో డబ్బు, ఏడాది ఓపిక ఉన్నవాళ్ళు పాతది తగిన ధరకు తీసుకోవచ్చు. సీలింగు ఎత్తు పట్టించుకోనివాళ్ళకు పోస్ట్‌వార్ నిజంగా మంచిది. బీరువాలు పెద్దవి, గోడలో ఏసీకి చోటు ముందే ఉంటుంది, వందల ఫ్లాట్ల మీద ఖర్చు పంచుకుంటారు. 60ల నాటి తెల్ల మెరుపు ఇటుకల బిల్డింగైతే ఆ ఇటుకలు రాలి ముఖభాగం మార్చారా అని అడగండి. ఆ పని ఇంకా ముందుందంటే అసెస్‌మెంట్ కూడా ముందుంది.

ఒప్పందానికి వచ్చేసరికి న్యూయార్క్ పద్ధతి వేరు. సంతకానికి ముందే తనిఖీ ముగించాలి, సంతకంతో 10 శాతం డిపాజిట్ పోతుంది. అప్పు రాకపోతే, బోర్డు కాదంటే డబ్బు వెనక్కి వచ్చేలా లాయరు రాయాలి. మూయని పర్మిట్లుంటే అమ్మేవాళ్ళే మూయించాలని, క్లోజింగ్ (డబ్బిచ్చి ఇల్లు తీసుకునే రోజు) నాటికి అవ్వకపోతే అందుకు సరిపడా డబ్బు ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) ఉంచాలని రాయించండి. ఈలోపు బిల్డింగు కొత్త అసెస్‌మెంట్ వేస్తే ఎవరు కట్టాలో కూడా రాతలో ఉండాలి. క్లోజింగ్ ముందు రోజు ఆఖరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రతి కుళాయి, పొయ్యి, ఏసీ నడిపి, సామాను తీసేసిన గదుల్లో రగ్గుల కింద నేల, పటాల వెనక గిలాబా చూసుకోండి. తేడా కనపడితే అక్కడి నుంచే లాయరుకు ఫోను చేయండి. చెక్కులు చేతులు మారాక అడిగే దారి దాదాపు ఉండదు.